మాటల మోపు కట్టిన సన్యాసి
(జార్జియా దేశపు సూల్ఖాన్ సాబా ఓర్బెలియాని జీవితం)

2021వ సంవత్సరం జూలై నెలలో మన దేశ విదేశాంగ మంత్రి జైశంకర్ గారు జార్జియా దేశానికి వెళ్ళినప్పుడు ఒక రాణి అస్థికలలో కొంత భాగాన్ని ఆ దేశ ప్రజలకు అప్పగించారు. ఆమె పేరు కేతెవాన్. పారశీక చక్రవర్తి షా అబ్బాసు ఆమెను షిరాజు నగరంలో బందీగా వుంచి, క్రీస్తును విడిచిపెట్టమన్నాడు. ఆమె విడవలేదు. 1624లో ఎర్రగా కాల్చిన ఇనుప పట్టకార్లతో ఆమెను హింసించి చంపారు. అక్కడ వున్న పోర్చుగీసు అగస్టీనియన్ సన్యాసులు ఆమె ఎముకలలో కొన్నిటిని రహస్యంగా గోవాకు తెచ్చి తమ దేవాలయంలో వుంచారు. ఆ దేవాలయం కాలక్రమాన కూలిపోయింది. ఆ శిథిలాలలో దొరికిన ఎముక ఆమెదేనా అన్న సందేహం తీర్చింది ఎవరో తెలుసునా? మన హైదరాబాదులో, ఉప్పల్ రోడ్డు మీద వున్న సి.సి.ఎం.బి. పరిశోధనశాల వారు. ఆ ఎముకలో కనిపించిన వంశచిహ్నం మన దేశస్థులలో కానరానిదనీ, జార్జియా ప్రజలలో వున్నదేననీ వారు తేల్చి 2014లో ప్రకటించారు.

ఈ వార్త చదివిన నాటి నుంచి ఆ చిన్న దేశం మీద నాకు ఆసక్తి కలిగింది. నల్ల సముద్రానికి తూర్పున, కాకసస్ కొండల నీడన వున్న దేశమది. నాల్గవ శతాబ్దంలోనే, నీనో అనే స్త్రీ బోధ వల్ల క్రైస్తవ మతాన్ని స్వీకరించింది. చుట్టూ పెద్ద రాజ్యాలు. ఆ దేశ చరిత్ర చదువుతూ వుంటే ఒక మనిషి దగ్గర ఆగిపోయాను. ఆయన రాజబంధువు, జమీందారు, సన్యాసి, రాయబారి. వీటన్నిటికీ మించి నిఘంటుకారుడు. ఆయన పేరు సూల్ఖాన్ ఓర్బెలియాని. సన్యాసం పుచ్చుకున్న తర్వాత సాబా అన్నారు. మన శతవార్షిక సంచికలో ఇంత దూరదేశపు మనిషి గురించి ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. వ్యాసం పూర్తయ్యేలోగా సమాధానం దొరుకుతుందని అనుకుంటాను.

సూల్ఖాన్ 1658లో తాండ్జియా అనే గ్రామంలో పుట్టాడు. కేతెవాన్ రాణి మరణించి అప్పటికి 34 ఏళ్ళు. తండ్రి కార్త్లీ రాజ్యంలో పెద్ద న్యాయాధికారి. ఓర్బెలియాని వంశానికి సొంత ఊళ్ళు, కోటలు, రైతులు వుండేవి. రాజకుటుంబంతో వియ్యాలూ వుండేవి. అందుచేత బాలుడు రాజాస్థానంలోనే పెరిగాడు. చదువంతా జార్జి 11వ రాజు పోషణలోనే జరిగింది.

ఆనాటి కార్త్లీ రాజుల స్థితి కొంచెం వివరించాలి. 1555లో పారశీకులు, తురుష్కులు సంధి చేసుకుని జార్జియాను పంచుకున్నారు. తూర్పు భాగం పారశీకులకు వచ్చింది. ఆ తర్వాత కొంతకాలానికి కార్త్లీలో సింహాసనం ఎక్కేవాడు పేరుకైనా మహమ్మదీయ మతం స్వీకరించాలన్న నియమం ఏర్పడింది. స్వదేశంలో అతడు రాజు. ఇస్ఫహాను దర్బారులో మాత్రం షా గారి సుబేదారు. ఇంట్లో ఒక పేరు, దర్బారులో ఇంకొక పేరు. ఆదివారం గుడిలో మోకరించే ప్రజలకు మతం మార్చుకున్న రాజు. ఈ రెండు ముఖాల బతుకు ఆ దేశపు పెద్ద కుటుంబాలన్నిటినీ నలిపివేసింది. సూల్ఖాన్ జీవితమంతా ఈ నలుగుడులోనే గడిచింది.

జార్జి రాజు షా మీద తిరగబడి 1688లో పదవి పోగొట్టుకున్నాడు. ఆయనతో పాటు ఓర్బెలియానీలకూ కష్టాలు వచ్చాయి. ఆ షా తర్వాత వచ్చిన షా అదే జార్జి రాజును సేనాపతిగా కాందహారుకు పంపాడు. అక్కడ 1709లో ఆఫ్ఘను నాయకుడు మీర్ వైస్ ఆయనను చంపించాడు. తన దేశం కోసం కాక, తనను పదవి నుంచి దించిన పారశీక రాజ్యం కోసం పరాయి గడ్డ మీద ప్రాణం విడిచాడు ఆ రాజు.

ఈ జార్జి రాజే ఒకనాడు సూల్ఖానుకు ఒక పని అప్పగించాడు. మన భాషకు నిఘంటువు లేదు, నువ్వు తయారు చెయ్యి అన్నాడు. అది సుమారు 1685 నాటి మాట. సూల్ఖానుకు అప్పటికి 27 ఏళ్ళు. ఆ పని పూర్తయ్యేసరికి 1716 వచ్చింది. అంటే ముప్పై ఏళ్ళకు పైచిలుకు.

ఆ నిఘంటువుకు ఆయన పెట్టిన పేరు 'సిత్క్విస్ కోనా'. సిత్క్వా అంటే మాట. కోనా అంటే కట్ట, పూలగుత్తి అని కూడా అర్థం. నాకైతే మోపు అనడమే బాగుందనిపిస్తుంది. చేలో ఒక్కొక్క మొక్కే కోసి, పోగేసి, తాడు బిగించి నెత్తికెత్తుకున్నట్టు ఆ మనిషి మాటలు పోగేశాడు.

పోగేయవలసిన అవసరం ఏమిటి? జార్జియా వారికి బైబిలు చాలా పూర్వమే తమ భాషలో వుంది. కాని వెయ్యేళ్ళు దాటిన ఆ భాషలో ఎన్నో మాటలు జనానికి అర్థం కాకుండా పోయాయి. గురువులు చదువుతున్నారు, సంఘం వింటున్నది, ఎవరికీ తెలియదు. మన పాత తెలుగు బైబిలులోని కొన్ని మాటల దగ్గర మన పిల్లలు ఆగిపోయి మన ముఖం చూస్తారే, అలాగన్న మాట. పైగా దర్బారు భాష పారశీకం, బజారులో తురుష్కం, పక్కింట్లో అర్మేనియను. ఉన్న మాట మరుగున పడి, వచ్చిన మాట పీట వేసుకుంటున్న కాలం. సూల్ఖాను బైబిలు గ్రంథాలు, పితరుల రచనలు, పాత కావ్యాలు, చరిత్రలు అన్నీ ముందేసుకుని, మాట ఎక్కడ కనిపిస్తే అక్కడి గుర్తు వేసి అర్థం రాశాడు. పుస్తకాలలో లేని మాటలను జనం నోటి నుంచి పట్టుకున్నాడు. చెట్లు, పిట్టలు, పనిముట్లు, రోగాలు, చుట్టరికాలు ఏదీ విడవలేదు. కొన్ని ప్రతులలో అర్మేనియను, తురుష్క అర్థాలు కూడా చేర్చాడు. ఒకసారి రాసి వదిలేయలేదు. కొత్త మాట దొరికినప్పుడల్లా దిద్దాడు, తిరగరాశాడు. అందుకే ఆయన చేతి ప్రతులు ఒకటి కాదు, అనేకం మిగిలాయి. అలాగే బైబిలు పుస్తకాలను ఒకచోట చేర్చి, పాఠాలు సరిచూసి, అధ్యాయాలుగా విభజించిన ఒక పెద్ద ప్రతి కూడా ఆయన తయారు చేశాడు. మ్త్స్‌ఖేతా ప్రతి అని దానికి పేరు.

మనకు సి.పి. బ్రౌన్ దొర వున్నాడు. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో చాప్లెయిన్‌గా వున్న దైవసేవకుడు. కొడుకు కడపలోను, ఇతర చోట్లా కంపెనీ ఉద్యోగం చేస్తూ, పండితులను ఇంట్లో పెట్టుకుని, తాళపత్రాలు పోగు చేసి, 1852లో తెలుగు నిఘంటువు అచ్చు వేయించాడు. బ్రౌన్‌కు జీతం వుంది, పండితులున్నారు, అచ్చు యంత్రం వుంది. సూల్ఖానుకు వీటిలో ఏదీ నికరంగా లేదు. పైగా బ్రౌన్ పరాయివాడుగా వచ్చి మన మాటలు నేర్చుకుని రాశాడు. ఇతడు తన సొంత మాటలు తన కళ్ళ ముందే పోతుంటే రాశాడు. ఏది గొప్ప అని తూచడం నా ఉద్దేశం కాదు. తొందర మాత్రం రెండవ వానికే ఎక్కువ వుంటుంది.

జార్జి రాజు తమ్ముడి కొడుకు వాఖ్తాంగు. సూల్ఖాను కంటే 17 ఏళ్ళు చిన్న. ఈ కుర్రవాడికి సూల్ఖానే గురువు. 'వివేకము, కల్పన' అనే అర్థం వచ్చే పేరుతో సూల్ఖాను రాసిన కథల పుస్తకం ఒకటి వుంది. అందులో ఒక రాజు తన కుమారుణ్ణి లెయోను అనే గురువుకు అప్పగిస్తాడు. ఆ గురువు రాకుమారుణ్ణి నడిపిస్తాడు, పస్తులు పెడతాడు, దెబ్బలు కూడా వేస్తాడు. ఎందుకయ్యా అంటే, రేపు రాజైనప్పుడు నడిచేవాడి కాళ్ళ నొప్పి, పస్తున్నవాడి కడుపు మంట, దెబ్బ తిన్నవాడి బాధ ఇతడికి తెలియాలి గదా అంటాడు. ఆ పుస్తకాన్ని ఆలివర్ వార్‌డ్రాప్ అనే ఆంగ్లేయుడు అనువదించగా 1894లో విలియం మారిస్ గారి కెల్మ్‌స్కాట్ ముద్రణాలయం అచ్చు వేసింది. సూల్ఖాను శిష్యుణ్ణి నిజంగా పస్తులు పెట్టాడో లేదో గాని, వాఖ్తాంగు మాత్రం మంచి పాలకుడే అయ్యాడు.

1703 నుంచి వాఖ్తాంగు కార్త్లీని పాలించాడు. న్యాయశాస్త్రం క్రోడీకరించాడు. పండితులను కూర్చోబెట్టి పాత చరిత్రలను సరిచూయించాడు. 1709లో తిబిలిసీ నగరంలో అచ్చుకూటం పెట్టాడు. దానికి సాయం చేసింది రుమేనియా దేశంలో మెట్రోపాలిటనుగా వున్న జార్జియా వాడు ఆంతిమ్. ఆయన తన శిష్యుణ్ణి ముద్రాపకుడుగా పంపించాడు. ఆ అచ్చుకూటం నుంచి వచ్చిన మొదటి పుస్తకం సువార్తలు.

అప్పటికి మన సూల్ఖాను గృహస్థుడు కాడు. 1698లో, 40వ ఏట, అన్నీ విడిచి గారేజా అనే ఎడారి మఠంలో చేరి సాబా అనే పేరు పుచ్చుకున్నాడు. రాతిలో తొలిచిన గుహలే అక్కడ గదులు. ప్రపంచాన్ని విడిచి వెళ్ళినవాడిని ప్రపంచం విడవలేదు.

1712లో షా నుంచి వాఖ్తాంగుకు పిలుపు వచ్చింది. వెళ్ళాడు. మతం మార్చుకుంటే రాజ్యం నీదే అన్నారు. మార్చుకోను అన్నాడు. ఖైదు చేశారు. అతడి తమ్ముడు యేస్సే మతం మార్చుకుని గద్దె ఎక్కాడు. అప్పుడు సాబా మఠం నుంచి బయటకు వచ్చి, 1713లో రిషార్ అనే ఫ్రెంచి మిషనరీతో కలిసి బయలుదేరాడు. కాన్‌స్టాంటినోపిలు మీదుగా ఓడలో మార్సెల్లు చేరి, 1714లో వెర్సయిల్సు రాజభవనంలో 14వ లూయీ ముందు నిలబడ్డాడు. 55 ఏళ్ళ సన్యాసి. ఎదుట యూరపులోకెల్లా గొప్ప రాజు.

ఏమి అడిగాడు? మా రాజును విడిపించడానికి షా దగ్గర మీ పలుకుబడి వాడండి, ధనసహాయం చెయ్యండి, మా దేశానికి మిషనరీలను పంపండి. ఏమి ఇస్తానన్నాడు? నల్ల సముద్రం మీదుగా పారశీక వర్తకానికి దారి. జార్జియా సంఘం రోముతో ఏకం కావడం. లూయీ ఆదరంగా విన్నాడు. మంత్రి పోంచార్‌త్రేన్ వినతిపత్రాలు తీసుకున్నాడు. కాని ఫ్రాన్సు అప్పుడే స్పెయిను వారసత్వ యుద్ధం ముగించుకుని అప్పులలో మునిగి వుంది. పైగా షాతో వర్తకపు ఒప్పందాలు చేసుకునే యత్నంలో వుంది. 1715 ఆరంభంలో ఆ షా పంపిన రాయబారికే వెర్సయిల్సులో మహావైభవంగా స్వాగతం ఇచ్చారు. ఖైదు చేసినవాడితో వ్యాపారం, ఖైదీ మనిషికి మంచి మాట. రాజ్యాలకిది కొత్త కాదు. అదే సంవత్సరం సెప్టెంబరులో లూయీ చనిపోయాడు. వాగ్దానాలూ ఆయనతో పోయాయి.

సాబా ఫ్రాన్సు నుంచి రోముకు వెళ్ళి 11వ క్లెమెంటు పోపును దర్శించాడు. ఫ్లారెన్సులో గ్రాండ్ డ్యూకు 3వ కోసిమో ఆతిథ్యం ఇచ్చాడు. మాల్టా కూడా చూశాడు. ఈ ప్రయాణం గురించి ఆయన రాసిన పుస్తకంలో ఆరంభం పోయింది, రోము నుంచి మాత్రమే దొరికింది. దేవాలయాలు, ఆస్పత్రులు, తోటలు, నీటి చిమ్మెనలు అన్నీ పసిపిల్లవాడిలా చూసి రాశాడు. తిరుగు ప్రయాణంలో కాన్‌స్టాంటినోపిలులో ఏడాదికి పైగా చిక్కుపడిపోయాడు. అటు నుంచి సాయం లేదు, ఇటు వెళ్ళడానికి దారి లేదు. 1716లో ఇల్లు చేరాడు. నిఘంటువు ముగించినదీ ఆ సంవత్సరమే.

ఇల్లు చేరినవానికి స్వాగతం దొరకలేదు. సాబా రోము సంఘంలో చేరాడన్న సంగతి అందరికీ తెలిసింది. తన సొంత సంఘపు గురువులు ఆయన మీద కత్తికట్టారు. పరదేశపు రాజు డబ్బు కోసం సంఘం మారాడన్నారు.

ఈ మాట దగ్గర నేను ఆగుతున్నాను. ఎందుకంటే ఇది మనకు తెలిసిన మాట. మన తాతముత్తాతలు విన్న మాట. 1876 మొదలు వచ్చిన కరువులో ఒంగోలు ప్రాంతపు క్లౌ దొర గారు బకింగుహాం కాలువ తవ్వకంలో వేలమందికి పని చూపించి, కరువు తీరేదాకా మాత్రం బాప్తిస్మాలు ఇవ్వకుండా నిలిపివేశారు. గింజల కోసం కలిశారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అయినా ఆ మాట రాకుండా వుందా? ఇప్పటికీ వినబడుతూనే వుంది.

సాబా విషయంలో ఆ నింద నిలవదని నా అభిప్రాయం. ఆయన రోము సంఘంలో చేరింది యూరపు ప్రయాణానికి ముందే. రాజు ఖైదు కాకముందే ఆయన మనసు అటు మొగ్గి వుంది. దాని వల్ల ఆయనకు దక్కిన లాభం ఏమీ లేదు. ఊళ్ళు పోయాయి, తోటి సన్యాసుల ఆదరణ పోయింది. ఇంత మాత్రం స్పష్టం. కాని ఇంకొక సంగతి నా మనసుకు అంత సులభంగా సమాధానపడదు. తన విశ్వాసం తాను నిర్ణయించుకోవచ్చు. వెర్సయిల్సులో ఆయన బల్ల మీద పెట్టింది తన ఒక్కడి విశ్వాసం కాదు. గారేజా గుహలలో ప్రార్థించే సన్యాసులది, తాండ్జియా రైతులది, కేతెవాన్ రాణి ఏ సంఘంలో వుండి ప్రాణం ఇచ్చిందో ఆ సంఘమంతటిది. దాన్ని వర్తకపు దారితో కలిపి బేరంలో పెట్టే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? ఆయన అది బేరం అనుకోలేదు, ఐక్యత అనుకున్నాడు. చీలిన సంఘాలు ఒకటి కావాలని నిజంగా కోరుకున్నాడు. మన దక్షిణ భారతంలో సంఘాలు ఏకం కావడానికి 1947 దాకా ఎన్నేళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారో పెద్దలకు తెలుసు. ఆ మాటలకు రాజులు మధ్యవర్తులు కారు. సాబాకు వేరే దారి లేదనీ నాకు తెలుసు. పక్కన ఒకవైపు షా, ఒకవైపు సుల్తాను.

వాఖ్తాంగు కథ ఇంకా బాధాకరం. నాలుగేళ్ళ ఖైదు తర్వాత, 1716లో, పేరుకు మతం మార్చుకున్నాడు. 1719లో స్వదేశానికి వచ్చాడు. గురువు సంఘం మార్చాడు, శిష్యుడు మతమే మార్చాడు అని జనం అనుకుని వుంటారు. ఖైదులో వుండగా ఆ రాజు చేసిన పని ఒకటి మనకు దగ్గరది. కలీలా దమనా కథలను పారశీకం నుంచి జార్జియను భాషలోకి తెచ్చాడు. అవి మరేవో కావు, మన పంచతంత్రమే. మన దేశం నుంచి పహ్లవీలోకి, అక్కడ నుంచి అరబ్బీలోకి, అక్కడ నుంచి పారశీకంలోకి పోయిన కరటక దమనకులే. చిన్నయసూరి గారి నీతిచంద్రికలో మన పిల్లలు చదివిన ఆ నక్కలే. రాజు అనువాదాన్ని గురువు దగ్గరకు పంపాడు. సాబా భాష దిద్ది, పద్యాలు చక్కచేసి పూర్తి చేశాడు.

1722లో ఆఫ్ఘనులు ఇస్ఫహానును ముట్టడించారు. షా వాఖ్తాంగు సాయం కోరాడు. వాఖ్తాంగు కదలలేదు. రష్యా చక్రవర్తి పీటరు దండెత్తి వస్తున్నాడు, ఆయనతో కలిసి దేశానికి విముక్తి సాధిద్దామని గంజా దగ్గర సైన్యంతో ఎదురు చూశాడు. పీటరు దెర్బెంతు దాకా వచ్చి వెనక్కి మళ్ళాడు. లూయీ మాట ఒకసారి, పీటరు మాట ఒకసారి. 1723లో తిబిలిసీ మొదట పొరుగు రాజు చేతికి, ఆ వెంటనే తురుష్కుల చేతికి చిక్కింది. అచ్చుకూటం మూతపడింది. 1724 వేసవిలో వాఖ్తాంగు సుమారు 1,200 మందితో కొండలు దాటి రష్యాకు వలసపోయాడు. వారిలో 66వ ఏట వున్న సాబా కూడా వున్నాడు.

ఆయన ఇంక ఎంతోకాలం బతకలేదు. 1725 జనవరిలో మాస్కో పక్కన, జార్జియా రాజబంధువుల గ్రామమైన వ్‌సెఖ్‌స్వ్యాత్‌స్కోయెలో మరణించాడు. అక్కడి సకల పరిశుద్ధుల దేవాలయం దగ్గరే పాతిపెట్టారు. వాఖ్తాంగు 1737లో ఆస్త్రఖానులో చనిపోయాడు. ఇద్దరూ మళ్ళీ ఇల్లు చూడలేదు.

వాఖ్తాంగు కుమారులు బకారు, వఖుష్తీ 1743లో మాస్కోలో మొదటిసారిగా జార్జియను బైబిలును పూర్తిగా అచ్చు వేయించారు. నిఘంటువు మాత్రం చేతిరాత ప్రతులలోనే ఇంటి నుంచి ఇంటికి తిరిగింది. గురువులు నకలు చేసుకున్నారు, బడి పంతుళ్ళు నకలు చేసుకున్నారు. 1884లో కవి రఫియెల్ ఎరిస్తావీ తిబిలిసీలో దాన్ని అచ్చు వేయించాడు. సాబా చేత్తో రాసిన ప్రతులు ఆ నగరంలో ఇప్పటికీ భద్రంగా వున్నాయి. అక్కడి కతోలిక సంఘం 2002లో స్థాపించిన విద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. ఆయనను నిందించిన ఆర్థోడాక్సు సంఘపు పిల్లలు కూడా బడిలో కష్టమైన మాట వచ్చినప్పుడు వెతికేది ఆయన మోపులోనే.